పళ్ల చికిత్స క్లెయిమ్ తిరస్కరించారా? బీమా లోక్‌పాల్‌కు దరఖాస్తు ఇలా

హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని పళ్ల బిల్లు పెడితే వెనక్కి రావడం మామూలైపోయింది. అలా వెనక్కి వచ్చినవాళ్ల చుట్టూ ఇప్పుడు "మేం పాస్ చేయిస్తాం, వచ్చినదాంట్లో వాటా ఇవ్వండి" అనేవాళ్లు తిరుగుతున్నారు. వాళ్లకు పైసా ఇవ్వకండి. బీమా కంపెనీల మీద వచ్చే ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా లోక్‌పాల్ (ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్) దగ్గర ఫిర్యాదుకు ఫీజే లేదు, లాయర్ అక్కర్లేదు. పైగా లాయర్, ఏజెంట్ లాంటి మూడో మనిషి మీ తరఫున వేస్తే తీసుకోరు కూడా. పాలసీ ఉన్న మనిషి వేయాలి, లేదంటే వారసులో నామినీయో అసైనీయో (పాలసీ ఎవరి పేరుకు బదిలీ అయిందో వాళ్లు) వేయాలి, అంతే.

ముందు మీ కేసులో పస ఉందో లేదో చూసుకోండి. మన దగ్గర మామూలు హెల్త్ పాలసీ అంటే ఆస్పత్రిలో చేరితే వచ్చే ఖర్చు. క్లినిక్‌కి వెళ్లి రూట్ కెనాల్ చేయించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తే అది ఓపీడీ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే చికిత్స) కిందికి పోతుంది, పాలసీలో ఓపీడీ కవర్ విడిగా తీసుకుంటే తప్ప రాదు. పళ్లు శుభ్రం చేయించడం, ఫిల్లింగ్, క్యాప్, క్లిప్పులు కూడా అంతే. ఇలాంటి వాటికి లోక్‌పాల్ దాకా వెళ్లి టైం పోగొట్టుకోవద్దు, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనో విజయవాడలోనో ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్తే ప్రైవేటు కంటే చాలా తక్కువలో అయిపోతుంది.

పోరాడదగ్గ కేసులు వేరే ఉన్నాయి. బండి మీంచి పడి దవడ విరిగి, పళ్లు ఊడి ఆస్పత్రిలో చేరినవాళ్లు, చీము గొంతు దాకా పాకి అడ్మిట్ అయినవాళ్లు, వీళ్లకు చాలా పాలసీల్లో రావాలి. 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఆరోగ్య సంజీవని పాలసీలో అయితే జబ్బు వల్ల గానీ గాయం వల్ల గానీ అవసరమైన పళ్ల చికిత్సకు, ఆస్పత్రిలో చేరితే, ఖర్చు వస్తుందని రాసే ఉంది, 5 శాతం మాత్రం మీరు పెట్టుకోవాలి. మిగతా పాలసీల్లో మాటలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. చాలావాటిలో యాక్సిడెంట్ అయితేనే అని ఉంటుంది, ఇంప్లాంట్లు మినహాయించేవీ ఉన్నాయి. పాలసీ పుస్తకంలో డెంటల్ అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో అన్నీ చదవండి, మినహాయింపుల దగ్గర ఒకసారి, కవరేజీ దగ్గర ఒకసారి. ఇంకొకటి, మీరు చేరిన చోటు పాలసీ లెక్కలో ఆస్పత్రేనా? రిజిస్ట్రేషన్ లేకపోతే 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో 10 పడకలు, పెద్ద నగరంలో 15 పడకలు ఉండాలని నిర్వచనంలో ఉంది. రెండు కుర్చీల క్లినిక్‌లో దవడకు వైర్లు వేయించుకుని ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

సరే, కేసు ఉంది, క్లెయిమ్ తిరస్కరించారు. తిరస్కరణ లెటర్ రాతపూర్వకంగా తీసుకోండి. పాలసీలో ఏ క్లాజు కింద కాదన్నారో అందులో చెప్పి తీరాలి, 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ) ఇచ్చిన సర్క్యులర్‌లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. "నాట్ పేయబుల్" అని ఒక్క లైన్ మెసేజ్ వస్తే ఊరుకోకుండా క్లాజు నంబరు అడగండి.

ఎక్కువ మంది జారిపడేది దీని తర్వాతే. లెటర్ పట్టుకుని నేరుగా లోక్‌పాల్‌కి వెళ్లిపోతారు, తీరా అక్కడ అడిగే మొదటి ప్రశ్న: కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా? కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా లెక్కలోకి రాదు. ఏజెంట్‌కి పెట్టిన వాట్సాప్ రాదు. టీపీఏకి పెట్టిన మెయిల్ కూడా సరిపోదు, టీపీఏ అంటే కంపెనీ తరఫున బిల్లులు చూసే సంస్థ, ఇన్సూరెన్స్ కంపెనీ వేరు. మీరు రాయాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి. ఆ మెయిల్ ఐడీ పాలసీ పుస్తకం చివరి పేజీల్లోనూ కంపెనీ వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది.

లెటర్ ఒక పేజీ చాలు. పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, ఏ తేదీన ఏం జరిగింది, ఎన్ని రోజులు ఆస్పత్రిలో ఉన్నారు, వాళ్లు చెప్పిన క్లాజు మీ కేసుకు ఎందుకు వర్తించదు, ఎంత డబ్బు రావాలి. దీనికి డిశ్చార్జ్ సమ్మరీ, ఓపీజీ ఎక్స్‌రే (దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే), విడివిడిగా రాసిన బిల్లు, యాక్సిడెంట్ అయితే ఎంఎల్‌సీ (పోలీసు కేసుల కోసం ఆస్పత్రి రాసే రిపోర్టు) లేదా ఎఫ్ఐఆర్ కాపీ జత చేయండి. మెయిల్ పంపిన తేదీ కనిపించేలా ప్రింట్ తీసి దాచండి, పోస్టులో పంపితే రసీదు దాచండి. ఈ కాగితం లేక మంచి కేసులు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి, అందుకే ఇంతసేపు చెప్తున్నాను.

డిశ్చార్జ్ సమ్మరీలో పళ్లు ఊడింది దెబ్బ వల్ల అని లేకుండా "పంటి నొప్పి" అని మాత్రమే ఉంటే కంగారు పడకండి. క్యాజువాలిటీ రిజిస్టర్ చూసి, దెబ్బ వల్లే పళ్లు ఊడాయని రాసే రోజు తేదీతోనే ఒక సర్టిఫికెట్ ఇవ్వమని డాక్టర్ గారిని అడగండి. పాత కాగితం మీద దిద్దించడం, వెనకటి తేదీ వేయించడం మాత్రం వద్దే వద్దు, మధ్యవర్తులు ఇచ్చే సలహా సరిగ్గా ఇదే, అది బయటపడితే క్లెయిమ్‌తో పాటు పాలసీ కూడా పోతుంది.

కంపెనీ కాదన్నా, ఒక నెల దాకా జవాబే ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా లోక్‌పాల్ తలుపు తెరుచుకుంటుంది. ఈలోగా ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరుకు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు, కాకపోతే వాళ్లు దాన్ని కంపెనీకి పంపి జవాబు రప్పిస్తారే తప్ప తీర్పు ఇవ్వరు. కంపెనీ చివరిగా కాదన్న తేదీ నుంచి ఏడాదిలోపు లోక్‌పాల్‌కి వెళ్లాలి. అప్పటికే వినియోగదారుల కమిషన్‌లోనో కోర్టులోనో కేసు వేసి ఉంటే ఇక్కడ తీసుకోరు.

మిగతాదంతా తేలిక. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం వాళ్లకు లోక్‌పాల్ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో, ఏసీ గార్డ్స్ దగ్గర మొయిన్ కోర్ట్ భవనంలో ఉంది. శ్రీకాకుళం నుంచి బస్సెక్కి రావక్కర్లేదు, కౌన్సిల్ ఫర్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, పోస్టులో పంపినా చాలు. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు కాబట్టి పళ్ల కేసుకు పరిమితి గురించి ఆలోచించే పనే లేదు. తర్వాత వాళ్లు పంపే ఫారంలు నింపి సంతకం పెట్టి పంపాలి. ఇవి పంపకుండా వదిలేస్తే ఫైలు కదలదు, మెయిల్ స్పామ్‌లో పడిందేమో కూడా చూసుకుంటూ ఉండండి.

విచారణ వీడియో కాల్‌లో కూడా జరుగుతుంది. ఇంగ్లిష్ రాదని టెన్షన్ పడకండి, ఏం జరిగిందో తెలుగులో వరసగా చెప్పండి. కాగితాలన్నీ అందాక మూడు నెలల్లో లోక్‌పాల్ అవార్డు (తీర్పు) ఇవ్వాలి, మీకు అనుకూలంగా వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. వ్యతిరేకంగా వచ్చినా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి మీకు అలాగే ఉంటుంది.