అపార్ట్‌మెంట్ బోరు అడుగంటుతోందా? ఇంకా లోతుకు వెళ్లే ముందు ఇవి చూడండి

మార్చి వచ్చిందంటే హైదరాబాద్‌లో కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల వైపు ట్యాంకర్లు బారులు తీరతాయి. మా అపార్ట్‌మెంట్‌లో వరుసగా రెండు వేసవులు ఇదే టెన్షన్. అప్పుడు తెలుసుకున్నవి రాస్తున్నాను.

సమస్య: మోటారు వేసిన పది నిమిషాలకే గాలి కొడుతోంది. గంట ఆగితే మళ్లీ నీళ్లు వస్తున్నాయి.

కారణం: బోరు ఎండలేదు. ఊట తక్కువ, మోటారు లాగేది ఎక్కువ. మన కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు నిలిచేది పైనున్న మొరం పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే.

పరిష్కారం: టైమర్ పెట్టి విడతలుగా తోడండి. నీళ్లు అందనప్పుడు మోటారు దానంతటదే ఆగిపోయే ప్యానెల్ పెట్టించండి. మోటారు మార్చాల్సి వస్తే తక్కువ హెచ్‌పీది తీసుకోండి.

సమస్య: పక్కన కొత్త టవర్ మొదలైంది, మన బోరు ఆగిపోయింది.

కారణం: రెండు బోర్లూ ఒకే పగులు నుంచి తాగుతూ ఉండొచ్చు. సెల్లార్ల కోసం లోతుగా తవ్వినప్పుడు ఊరే నీటిని రోజుల తరబడి కాలువలోకి తోడేస్తారు. అదీ మన నీళ్లే.

పరిష్కారం: పోటీగా వెయ్యి అడుగులు వేయించకండి. లోతుకు వెళ్లేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, డబ్బు రాతిపాలవుతుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. పక్కవాళ్లకు అది ఉందో లేదో అసోసియేషన్ తరఫున రాతపూర్వకంగా అడగండి.

సమస్య: వానలు బాగానే పడ్డాయి, బోరు మాత్రం కోలుకోలేదు.

అసలు జబ్బు ఇక్కడే ఉంది. గేటు నుంచి గోడ దాకా సిమెంటు పోశాం, చెరువు నిండితే నీళ్లు నిలిచే శిఖం భూముల్లో ఇళ్లు కట్టాం, ఇక నేలలోకి నీళ్లు ఎలా దిగుతాయి? మా ఇంకుడు గుంత మూత తీస్తే లోపల బిల్డర్ వదిలేసిన సిమెంటు పెళ్లలు, బురద. పేరుకే గుంత.

లెక్క చూడండి. నగరంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 500 చదరపు మీటర్ల డాబా మీద పడేది 4 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 80. సగం ఇంకినా 40 ట్యాంకర్లు నేలలోకి చేరినట్టే.

పరిష్కారం: మే నెలలోనే గుంత పూడిక తీయించండి. అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, పైన దొడ్డు ఇసుక వేయించండి. డాబా నీళ్లే పంపండి, అదీ తొలి వానను బయటికి వదిలాక. పార్కింగ్ కడిగిన నీళ్లు గానీ డ్రైనేజీ గానీ అందులో కలిస్తే బోరు మొత్తం పాడవుతుంది.

సమస్య: ఎన్ని ట్యాంకర్లు పోయించినా చాలడం లేదు.

ఫ్లష్ ట్యాంకులో రంగు చుక్కలు వేయండి. ఫ్లష్ చేయకుండానే కమోడ్‌లో రంగు కనిపిస్తే లీకు ఉన్నట్టే. ఫ్లాట్‌కో మీటరు పెట్టించి, వాడినంతకే బిల్లు వేయండి.

ప్రైవేటు ట్యాంకర్లలో చాలావాటికి నీళ్లు వచ్చేది శివారు ఊళ్ల బోర్ల నుంచి. మన సంపు నిండితే అక్కడ ఓ రైతు బోరు అడుగంటుతుంది. ఇది నన్ను చాలా బాధపెట్టింది. తప్పనప్పుడు నగరానికి నీళ్లిచ్చే ప్రభుత్వ సంస్థ జలమండలి ట్యాంకరే బుక్ చేయండి.

కొత్తగా ఫ్లాట్ కొనేవాళ్లు స్విమ్మింగ్ పూల్ చూసి మురిసిపోకుండా, ఆ అపార్ట్‌మెంట్ ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు అడిగి చూడండి.