చెడిన పెన్‌డ్రైవులోంచి తాళం వేసిన డేటా – పాఠం 3: ముందు నకలు, తర్వాతే పాస్‌వర్డ్

టెయిల్స్ అంటే పెన్‌డ్రైవు నుంచే నడిచే, కంప్యూటర్‌లో జాడలు మిగల్చని ఆపరేటింగ్ సిస్టమ్. ఆ పెన్‌డ్రైవులో రెండు భాగాలుంటాయని పోయిన పాఠంలో చూశాం. మొదటి 8 జీబీలో ఆ సిస్టమ్ ఉంటుంది. మిగిలిన జాగా టెయిల్స్‌డేటా అనే రెండో భాగానిది. మనం దాచుకున్న ఫైళ్లు లక్స్ అనే లినక్స్ ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో తాళం పడి అక్కడే ఉంటాయి. పెన్‌డ్రైవు బూట్ కాకపోతే చాలాసార్లు జబ్బు మొదటి భాగానిదే.

ఈసారి ఉదాహరణ మన శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు నుంచి. ఉద్దానంలో కిడ్నీ రోగుల ఇళ్లకు తిరిగి వివరాలు రాసుకునే ఒక చెల్లి పెన్‌డ్రైవు ఇది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, అంతే, ఇక బూట్ కాలేదు. ఎవరి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతుందో, డయాలసిస్ కోసం ఎవరు ఎంత అప్పు చేశారో అందులో ఉంది. అలాంటి వాటికి తాళం వేయాల్సిందే. పాస్‌వర్డ్ ఆమెకు గుర్తుంది కాబట్టి ఆశ ఉంది.

దాన్ని విండోస్‌కు పెడితే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. వద్దనండి. ఫార్మాట్ చేసి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగేస్తామనే వాళ్ల చేతికి అసలివ్వకండి. పెళ్లి ఫొటోల విషయంలో ఆ దారి పనికిరావొచ్చు, ఇక్కడ పనికిరాదు. కారణం వివరంగా చెప్తాను, ఈ పాఠానికి ప్రాణం అదే.

మీ పాస్‌వర్డ్ నేరుగా ఫైళ్లను తెరవదు. అసలు తాళంచెవి వేరే ఉంది, అది ఒక పెట్టెలో ఉంది, పాస్‌వర్డ్ ఆ పెట్టెను తెరుస్తుంది. ఆ పెట్టె పేరు హెడర్. రెండో భాగం మొదట్లోనే ఉంటుంది. లక్స్ పాత రూపంలో సుమారు 2 ఎంబీ, 2023లో వచ్చిన టెయిల్స్ 5.13 నుంచి వాడుతున్న లక్స్ 2లో 16 ఎంబీ. అసలు తాళంచెవిని 4000 రెట్లు సాగదీసి అందులో పరుస్తారు. అలా పరిచిన దానిలో ఒక్క ముక్క పాడైనా తాళంచెవి తిరిగి రాదు. డేటాను నాశనం చేయాల్సి వచ్చినప్పుడు సులువుగా పోవాలనే కావాలని అలా కట్టారు. అందుకే ఫార్మాట్ వల్లనో పొరపాటునో హెడర్ మీద ఏదైనా రాయబడితే పాస్‌వర్డ్ ఎంత గుర్తున్నా లాభం లేదు.

కాబట్టి చెడిన పెన్‌డ్రైవు మీద ఏమీ రాయకుండా ముందు దాని నకలు తీయాలి. మరో పెన్‌డ్రైవులో ఉబుంటు లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్) పెట్టి దానితో కంప్యూటర్ తెరవండి. జీడీడీరెస్క్యూ అనే ప్యాకేజీ ఎక్కించండి, నకలు తీసే డీడీరెస్క్యూ కమాండ్ అందులోనే వస్తుంది. నకలు పడేది బయటి హార్డ్‌డిస్క్‌లో. అది ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ అయితే పరవాలేదు. ఉబుంటులోని డిస్క్స్ అప్లికేషన్‌లో సైజు చూసి చెడిన పెన్‌డ్రైవు పేరు కాగితం మీద రాసుకోండి. డీడీరెస్క్యూకు ముందు ఆ పేరు, తర్వాత నకలు ఫైలు పేరు, చివర మ్యాప్ ఫైలు పేరు ఇవ్వాలి. ఫోర్స్ ఆప్షన్ మాత్రం ఇవ్వొద్దు. అది లేకపోతే, పొరపాటున వరుస తారుమారైనా పెన్‌డ్రైవు మీద రాయడానికి డీడీరెస్క్యూ ఒప్పుకోదు.

మ్యాప్ ఫైలును మానకండి. ఎక్కడిదాకా చదివిందో అందులో నమోదవుతుంది. మధ్యలో కరెంటు పోయినా అదే కమాండ్ మళ్లీ ఇస్తే ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. 2018 తిత్లీ తుపాను తర్వాత చీకట్లో గడిపిన మన జిల్లా వాళ్లకు ఈ సదుపాయం విలువ వేరే చెప్పక్కర్లేదు. పెన్‌డ్రైవు సైజు సున్నా అని చూపిస్తే మాత్రం చిప్ స్థాయి చెడుపు, ఈ పద్ధతి పనిచేయదు.

నకలు పూర్తయ్యాక అసలుది తీసి పక్కన పెట్టండి. డిస్క్స్‌లో అటాచ్ డిస్క్ ఇమేజ్ నొక్కి, చదవడానికి మాత్రమే అన్న టిక్కు ఉంచి నకలును తెరవండి. రెండో భాగం మీద తాళం గుర్తు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ ఇవ్వండి. ఒప్పుకోకపోతే కీబోర్డ్ లేఅవుట్, క్యాప్స్ లాక్ చూడండి.

తాళం తెరుచుకుని కూడా ఫైళ్లు కనిపించకపోతే కంగారు పడొద్దు. కరెంటు పోయినప్పుడు జర్నల్ (ఫైల్ సిస్టమ్ తన మార్పులను రాసుకునే చిట్టా) సగంలో ఆగి ఉంటుంది, దాన్ని సరిచేయాలంటే రాసే వీలు కావాలి. నకలుకు ఇంకో నకలు తీసి, ఈసారి టిక్కు తీసేసి తెరవండి. పర్సిస్టెంట్ అనే ఫోల్డర్‌లో మీ ఫైళ్లుంటాయి. అనుమతి లేదంటే అడ్మిన్ హక్కులతో తెరవాలి. కాపీ చేసేది కూడా తాళం వేసిన చోటికే, రోగుల పేర్లు ఒక్క పూటైనా బయట పడి ఉండకూడదు.

వచ్చే పాఠం హెడర్ బ్యాకప్ గురించి. ఈలోగా మీలో ఎవరి దగ్గరైనా పాత హెడర్ బ్యాకప్ ఉండి, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చి ఉంటే దాన్ని చెరిపేసి కొత్తది తీసుకోండి. పాత బ్యాకప్, పాత పాస్‌వర్డ్ రెండూ దొరికినవాళ్లు ఇప్పటికీ మీ డేటా తెరవగలరు.