కుక్కకు మత్తిచ్చి పళ్ళు శుభ్రం చేయించాలంటే: ఎలా సిద్ధం కావాలి, ఏం అడగాలి, తర్వాత ఎలా చూసుకోవాలి?

కుక్క నోరన్నాక కంపు కొట్టకుండా ఉంటుందా అని చాలా ఇళ్ళలో సరిపెట్టుకుంటారు. కానీ ఆ కంపు చాలాసార్లు చిగుళ్ళ జబ్బుకు గుర్తు. పళ్ళ మీద పేరుకున్న పాచి కొద్ది రోజుల్లోనే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార కడుతుంది. గార కట్టాక బ్రష్షుతో రాదు, డాక్టరే తీయాలి. అందుకు మత్తివ్వాలి అనగానే మనకు గుండె దడ మొదలవుతుంది. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే ప్రమాదాన్ని తగ్గించే పనుల్లో ఎక్కువ భాగం టేబుల్ ఎక్కించక ముందే జరగాలి. వాటిలో కొన్ని పూర్తిగా మన చేతుల్లోనే ఉన్నాయి. గర్భసంచి తీయించడానికైనా, కణితి తీయించడానికైనా ఇవే జాగ్రత్తలు.

1. ముందు నోరు చూడండి

పగటి వెలుగులో కూర్చోబెట్టి పై పెదవిని పక్కకు ఎత్తండి. ఎదిగిన కుక్కకు 42 పళ్ళుంటాయి, పిల్లికి 30. గార ఎక్కువగా కట్టేది పై దవడ వెనక పళ్ళ బయటివైపు. గోధుమ రంగు పెంకు, పన్ను అంచున ఎర్రబడిన చిగురు, నెత్తురు చార, కదిలే పన్ను కనిపిస్తే చూపించాల్సిందే. కంటి కింద వాపు వస్తే అసలు ఆలస్యం చేయకండి. పై దవడ పెద్ద పన్ను వేరు దగ్గర చీము పట్టినప్పుడు అక్కడే ఉబ్బుతుంది. పొమరేనియన్ లాంటి చిన్న జాతుల్లో పాలపళ్ళు ఊడకుండా ఉండిపోయి, కొత్త పన్నుతో ఇరుక్కుని అక్కడ పాచి పేరుకుంటుంది.

"బాగానే తింటున్నాడండీ, నొప్పేమీ లేదు" అనే మాటను నమ్ముకోకండి. నొప్పి ఉన్నా కుక్క తింటుంది. ఒక పక్కనే నములుతోందా, ముద్దను నమలకుండా మింగేస్తోందా అన్నది గమనించండి.

2. మత్తు లేకుండా గీకించకండి

మత్తు అక్కర్లేదు, అరగంటలో పళ్ళు తెల్లగా చేస్తామనేవాళ్ళు ఉన్నారు. పైకి కనిపించే గార పోతుంది, నిజమే. జబ్బు ఉండేది చిగురు కింద. అక్కడికి పరికరం వెళ్ళాలంటే కుక్క కదలకూడదు. పైగా గట్టిగా పట్టుకుని గీకితే నొప్పి, భయం. ఆ తర్వాత నోటి దగ్గరికి చెయ్యి రానివ్వదు. పళ్ళు తెల్లగా కనబడేసరికి మనం నిశ్చింతగా ఉంటాం, లోపల ఎముక కరిగిపోతూనే ఉంటుంది.

3. డాక్టర్ని మొహమాటపడకుండా అడగండి

వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టరే మత్తివ్వాలి, ఆపరేషన్ చేయాలి. ప్రైవేటు క్లినిక్కులు కాక హైదరాబాదు నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులూ ఉన్నాయి.

శ్వాసనాళంలో ట్యూబు వేస్తారా? ఇది మొదటి ప్రశ్న. పళ్ళు శుభ్రం చేసేటప్పుడు నోట్లో నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి. కఫ్ (గాలి నింపితే ఉబ్బి, ట్యూబు చుట్టూ ఖాళీ లేకుండా మూసే సంచి) ఉన్న ట్యూబు లేకపోతే ఆ నీళ్ళు, గార ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇంజెక్షన్ మత్తేనా, గ్యాసుతో కొనసాగిస్తారా? ఆక్సిజన్, గుండె వేగం, బీపీ, ఒంటి వేడి చూడటానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటారా? సెలైన్ కోసం సూది ముందే పెడతారా? పళ్ళ ఎక్స్‌రే ఉందా? ఏ పన్ను తీయాలో ఎక్స్‌రే చూస్తేనే బాగా తెలుస్తుంది. అన్ని క్లినిక్కుల్లో అన్నీ ఉండవు. లేనివాటి గురించి సూటిగా చెప్పే డాక్టరు నమ్మదగ్గవారని నా అభిప్రాయం.

పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ట్యూబు తీశాక ఊపిరి ఇబ్బంది రావచ్చు. ముధోల్ హౌండ్ లాంటి సన్నటి వేటకుక్కలకు ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి కొన్ని మత్తుమందులు ఆలస్యంగా దిగుతాయి. మీది ఆ జాతైతే ఆ సంగతి విడిగా మాట్లాడండి.

4. రక్తపరీక్ష మానకండి

డబ్బు తగ్గించుకుందామని చాలామంది మానేసేది దీన్నే. మత్తుమందును ఒంట్లోంచి బయటికి పంపేవి ముఖ్యంగా కాలేయం, మూత్రపిండాలు. అవి సరిగా లేవని ముందే తెలిస్తే డాక్టరు మందు మారుస్తారు, మోతాదు తగ్గిస్తారు, లేదా వాయిదా వేస్తారు.

మన ప్రాంతంలో దీనికి ఇంకో పెద్ద కారణం పిడుదులు. పిడుదుల జ్వరం, ముఖ్యంగా ఎర్లీకియా, పైకి కనబడకుండా నెలల తరబడి ఒంట్లో ఉండగలదు. అది ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. ప్లేట్‌లెట్లు తక్కువున్న కుక్కకు పన్ను పీకితే నెత్తురు ఆగదు. అందుకే ప్లేట్‌లెట్ల సంఖ్య తప్పకుండా చూడమనండి. ఈమధ్య పిడుదులు పట్టినా, జ్వరం వచ్చి తగ్గినా ఆ మాట చెప్పండి. వయసు మళ్ళినవాటికి గుండె పరీక్ష కూడా అవసరం.

5. ముందు రాత్రి

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు సాధారణంగా 6 నుంచి 8 గంటల ముందు తిండి ఆపమంటారు. కడుపులో తిండి ఉంటే మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పొద్దున మనం టీ తాగుతుంటే అలవాటుగా ఒక బిస్కెట్ ముక్క పెట్టేస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళకీ పిల్లలకీ ముందే చెప్పి ఉంచండి. నీళ్ళు మాత్రం డాక్టరు చెప్పినంత సేపూ ఉంచండి. చిన్న కుక్కపిల్లలకు, షుగరు ఉన్నవాటికి లెక్క వేరు, డాక్టర్ని అడిగే చేయండి. కుందేలు వాంతి చేసుకోలేదు, దాన్ని పస్తు పెట్టకూడదు.

6. ఆ రోజు

వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్ళండి. సమ్మతి పత్రం చదివి సంతకం పెట్టండి. పళ్ళు తీయాల్సి వస్తే ఫోన్ చేయాలా, అక్కడే నిర్ణయించుకోవచ్చా అన్నది అప్పుడే తేల్చుకోండి. లేచి నిలబడి, తల ఎత్తి, పిలిస్తే చూసే దాకా ఇంటికి తేకండి.

7. ఇంటికి వచ్చాక

మంచం మీద, సోఫా మీద పడుకోబెట్టకండి, తూలి పడుతుంది. మత్తు దిగే వేళ ఒంటి వేడి అదుపులో ఉండదు. చలికాలమైతే దుప్పటి, ఎండాకాలమైతే చల్లటి గది. ముందు కొద్దిగా నీళ్ళు, అవి నిలిస్తే రాత్రికి మెత్తటి పెరుగన్నం కొంచెం. పళ్ళు తీసినవాటికి రెండు వారాలు మెత్తటి తిండే. ఎముకలు, గట్టి బొమ్మలు వద్దు. ఒంటి మీద కుట్లుంటే విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, అక్కడ నాకకుండా మెడకు వేసే కోన్ తీయకండి.

నొప్పికి ఇంట్లో ఉన్న బిళ్ళలు వేయకండి. పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డాక్టరు రాసిన మందే, రాసిన మోతాదులోనే.

చిగుళ్ళు తెల్లబడినా, ఊపిరి కష్టంగా ఉన్నా, నెత్తురు ఆగకపోయినా, లేపితే లేవకపోయినా తెల్లారేదాకా ఆగకండి. కుక్క మామూలు ఒంటి వేడి సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. థర్మామీటరు చూడకుండా, ముట్టుకుంటే వేడిగా ఉందని జ్వరం అనుకోకండి. రాత్రి ఏ నంబరుకు ఫోన్ చేయాలో క్లినిక్కులోనే అడిగి రాసుకోండి.

చిగుళ్ళు మానాక డాక్టరు సరేనంటే బ్రష్షు మొదలుపెట్టండి. మన పేస్టు వాడకండి. కొన్నిటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కకు విషం. కుక్కల పేస్టు కొని, మొదట వేలితో రుచి చూపించి, తర్వాత మెత్తటి బ్రష్షుతో పళ్ళ బయటివైపు రోజూ రుద్దండి. నోరంతా తెరిపించాల్సిన పని లేదు, పెదవి ఎత్తితే చాలు.