గొడవ ముదరకముందే ఆగడం ఎలా

కోపమొస్తే మొత్తం కక్కేస్తే మనసు తేలికైపోద్ది అని చాలామంది గట్టిగా నమ్ముతారు, కానీ అది తప్పండీ. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే సైకాలజిస్ట్ కొంతమందికి కావాలనే కోపం తెప్పించి, ఆ కోపం తెప్పించిన మనిషినే తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని కసితీరా గుద్దమన్నాడు, తీరా చూస్తే ఊరికే కూర్చున్నవాళ్ళ కంటే వీళ్ళకే కోపం ఎక్కువుంది. కాబట్టి తలుపు ధడేల్న వెయ్యడం, గ్లాసు విసరడం లాంటివి ఏమాత్రం పనికిరావు.

ముందు మన ఒంటిని గమనించుకోవాలి. చెవులు వేడెక్కుతాయి, గొంతు లేస్తుంది, అవతలి మనిషి మాట పూర్తవకుండానే మన నోట్లో డైలాగ్ రెడీగా ఉంటుంది. జంటల గొడవల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన జాన్ గాట్‌మన్ ఏమంటాడంటే, గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటుంటే ఎదుటివాళ్ళు చెప్పేది బుర్రకెక్కదట. (స్మార్ట్‌వాచ్‌లో చెక్ చేసుకోవచ్చు గానీ గొడవ మధ్యలో వాచీ చూస్తే దానికింకో గొడవ.)

అక్కడ ఆగిపోవాలి, కానీ చెప్పి ఆగాలి. "నాకిప్పుడు ఒళ్ళు మండుతోంది, ఏదో ఒకటి అనేస్తా, అరగంటాగి మాట్లాడుకుందాం" అని టైమ్‌తో సహా చెప్పండి. చెప్పకుండా లేచిపోయి మూడ్రోజులు మొహం మాడ్చుకుని, పిల్లలతో "మీ నాన్నని అన్నానికి రమ్మను" అని కబురంపడం నిగ్రహం కాదు, నోరెత్తకుండా సాధించడం.

ఆ గ్యాప్ కనీసం 20 నిమిషాలుండాలి, అప్పుడు కూడా "ఈసారి ఇలా అంటే నేనిలా అంటా" అని లోపల రిహార్సల్ వేసుకుంటే ఉపయోగం లేదు. గాట్‌మన్ వాళ్ళ ల్యాబ్‌లో మెషీన్ సరిచెయ్యాలని చెప్పి గొడవ మధ్యలో ఆపించి, అరగంట మ్యాగజైన్లు చదివిస్తే, తర్వాత అదే జంట నెమ్మదిగా మాట్లాడుకున్నారు. మీరు బట్టలు మడతపెట్టండి, కిందకెళ్ళి నడిచి రండి, ఏదో ఒకటి.

చెప్పిన టైమ్‌కి తిరిగి రావాలి, ఇది మాత్రం తప్పించుకోవద్దు. వచ్చాక "నువ్వెప్పుడూ ఇంతే", "మీ ఇంట్లో పెంపకమే అంత" అని మొదలెడితే మళ్ళీ మొదటికే. "నిన్న రాత్రి ఫోనెత్తలేదు, నాకు భయమేసింది" అని జరిగిన ఒక్క విషయం మీదే ఉండండి.

ఇదంతా మామూలు గొడవలకే. చెయ్యి చేసుకుంటున్నా, బెదిరిస్తున్నా, మీరు భయపడుతూ బతుకుతున్నా, ఓర్చుకోవాల్సింది మీరు కాదు. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి, 2005 గృహహింస చట్టం పెళ్ళి కాకుండా భార్యాభర్తల్లా కలిసుంటున్న ఆడవాళ్ళకి కూడా వర్తిస్తుంది.