ఈత కొలనుకు ఏ పూత? ముందు మీ బోరు నీటిని అడగండి

తిరుపతి చుట్టుపక్కల తోటల్లోనూ కొత్త ఇళ్లలోనూ ఈత కొలను కట్టించుకునేవారు టైల్స్ దుకాణానికి వెళ్లగానే రంగు చూస్తారు. మేమూ అలాగే చూశాం. పాకాల దగ్గర మామిడి తోటలో కట్టిన మా చిన్న కొలనుకు ముదురు నీలం టైల్స్ వేయించాం. తొలి వేసవి గడిచేసరికి నీటి అంచు వెంబడి బెత్తెడు వెడల్పున తెల్లటి పట్టీ కట్టింది. ఎంత రుద్దినా పోలేదు. టైల్స్‌లో లోపమేమీ లేదు. అవి మా బోరు నీటికి తగినవో కావో చూసుకోకుండా కొన్నాం. అందుకే నీటితోనే మొదలుపెడుతున్నాను.

1. నీటి పరీక్ష

కొలనును ఏ నీటితో నింపుతారో, ఆవిరైన మేరకు ఏ నీటిని కలుపుతారో ఆ నీటిని సీసాలో పట్టి ప్రయోగశాలకు ఇవ్వండి. పీహెచ్ (నీరు ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత), క్షారత (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం), కాల్షియం కఠినత్వం (నీటిలో కరిగిన సున్నం), ఇనుము చూడమని చెప్పండి. కొలనులో కాల్షియం కఠినత్వం లీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల మధ్య ఉంటే మంచిది. బాగా తక్కువైతే నీరు తనకు కావలసిన సున్నాన్ని సిమెంటు నుంచి లాక్కుంటుంది. పూత గరుకెక్కుతుంది, టైల్స్ సందుల్లోని సిమెంటు తినేసినట్టవుతుంది. ఎక్కువైతే సున్నం గోడల మీద పేరుకుంటుంది.

మన వైపు లోతైన బోర్ల మీద ఆధారపడిన చోట్ల రెండో బాధే ఎక్కువ. మీ గీజరులో, బకెట్ అంచున తెల్ల పొర కడుతోందంటే కొలనులోనూ కడుతుంది. కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీరు అందే తిరుపతి నగరంలో ఉన్నా, ట్యాంకరు తోలించుకుంటే ఆ నీటిని విడిగా పరీక్షించాలి.

ఒక లెక్క చూడండి. 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న కొలనులో రోజుకు అర సెంటీమీటరు ఆవిరైతే దాదాపు 140 లీటర్లు తగ్గినట్టు. నెలకు 4,200 లీటర్లు. పైకి వెళ్లేది ఉత్త నీరే, లవణాలన్నీ కొలనులోనే ఉండిపోతాయి. మీరు కలిపే నీటి కఠినత్వం లీటరుకు 500 మిల్లీగ్రాములైతే, నెలకు 2 కిలోలకు పైగా సున్నపు పదార్థాన్ని చేతులారా కొలనులో పోస్తున్నారన్నమాట. వాడని వేళల్లో కొలను మీద పట్టా కప్పితే ఆవిరి చాలా తగ్గుతుంది. ఇంటి కప్పు మీద పడే వాన నీటిని పట్టి కలుపుకోగలిగితే ఇంకా మేలు.

2. పూత ఎంపిక

అన్నిటికన్నా చవక రంగు వేయడం. ఎపాక్సీ రంగైనా కొన్నేళ్లకే పొడిపొడిగా రాలుతుంది, మళ్లీ కొలను ఖాళీ చేయాలి. తాత్కాలికంగా తప్ప దాన్ని నేను సిఫారసు చేయను.

తెల్ల సిమెంటులో పాలరాయి పొడి కలిపి చేసే నున్నటి పూత కాలికి హాయిగా ఉంటుంది, నీటికి లేత నీలి ఛాయనిస్తుంది. అయితే ఆమ్లానికి అది బొత్తిగా తట్టుకోదు. సున్నం పేరుకున్న ప్రతిసారీ యాసిడ్‌తో కడిగితే మరకతో పాటు పూత కూడా కరుగుతుంది. పదేళ్లలోపే మళ్లీ పూయవలసి రావచ్చు. చిన్న గులకరాళ్లు కలిపిన పూత దీనికన్నా చాలా ఎక్కువ కాలం మన్నుతుంది కానీ పిల్లల పాదాలకు గరుకుగా తగులుతుంది.

కఠినమైన బోరు నీటికి నా ఓటు విట్రిఫైడ్ టైల్స్‌కే. అవి పీల్చుకునే నీరు వాటి బరువులో అర శాతానికి మించదు. స్నానాల గది గోడలకు వేసే మామూలు టైల్స్ 10 శాతానికి పైగా పీలుస్తాయి. మిగిలిపోయాయి కదా అని వాటిని కొలనులో వేయకండి. సందులు నింపడానికి సిమెంటు గ్రౌట్ బదులు ఎపాక్సీ గ్రౌట్ వాడండి. ఖర్చు ఎక్కువే, కానీ అది నీటికి కరగదు, పాచి పాతుకోదు. గాజు మొజాయిక్ అందమైనదే. సొమ్ము సరిపోకపోతే నీటి అంచు వెంబడి ఒక పట్టీగా వేయించుకోవచ్చు. మెట్ల మీద, పిల్లలు నిలబడే లోతులో మాత్రం మెరుపు లేని గరుకు రకమే ఉండాలి.

ఇక రంగు. లేత రంగు ఎంచుకోండి. సున్నపు చార అంతగా కనిపించదన్నది చిన్న కారణం. అడుగున ఎవరైనా కదలకుండా ఉంటే గట్టు మీది నుంచి వెంటనే కనిపించాలన్నది పెద్ద కారణం. ముదురు అడుగున్న కొలనులో అది కష్టం. మా కొలను అడుగు టైల్స్ మార్పించింది దీనికోసమే.

గట్టుకు కడప బండ వద్దు. అది సున్నపురాయి, యాసిడ్ చుక్క పడితే మచ్చ పడుతుంది, నల్లటిది కాబట్టి మే నెల ఎండకు కాలు పెట్టనివ్వదు. కుప్పం వైపు గ్రానైట్ దగ్గర్లోనే దొరుకుతుంది. అందులో లేత రంగుది తీసుకుని పైభాగం గరుకుగా చేయించండి.

3. వేయించేటప్పుడు

కాంక్రీటును 28 రోజులు తడిపి ఆరనివ్వాలి. తర్వాత నీరు ఇంకకుండా పూత పూయించి, కొలను నింపి, వారం రోజులు నీటిమట్టం గుర్తు పెట్టి చూడాలి. పక్కనే ఒక బకెట్టులో నీళ్లు పెట్టి ఉంచితే ఎంత ఆవిరైందో, ఎంత కారిందో తేడా తెలుస్తుంది. ఈ పరీక్ష కాకుండా మేస్త్రీని టైల్స్ మొదలుపెట్టనివ్వకండి. టైల్స్‌ను సిమెంటు ముద్దలతో అతికించకుండా, నీటి అడుగున వాడదగిన అతికింపు పొడిని కలిపి వెనక అంతటా పట్టించాలి. ఆరాక రూపాయి బిళ్లతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ తీసి మళ్లీ వేయించాలి.

తెల్ల సిమెంటు పూతైతే మొదటిసారి నింపడం మధ్యలో ఆపకూడదు, ఆపిన చోట గీత శాశ్వతంగా నిలిచిపోతుంది. గొట్టం చివర గుడ్డ చుట్టి అడుగున పెట్టి నింపండి. తొలి రెండు వారాలు రోజుకు రెండుసార్లు నైలాన్ బ్రష్‌తో రుద్దండి.

4. వారం వారం

పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్షారత లీటరుకు 80 నుంచి 120 మిల్లీగ్రాముల మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య ఉంచాలి. పీహెచ్ వారానికి రెండుసార్లయినా చూడండి, ఎందుకంటే అది పెరిగిన కొద్దీ సున్నం తొందరగా గడ్డకడుతుంది. తగ్గించడానికి యాసిడ్ కలిపేటప్పుడు బకెట్టు నీటిలో యాసిడ్ పోయాలి. యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. యాసిడ్‌ను, క్లోరిన్ మందులను ఒకే గదిలో పక్కపక్కన పెట్టడం, ఒకే బకెట్టులో కలపడం ప్రాణాంతకం. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

బ్లీచింగ్ పౌడర్ చవకే కానీ దానిలోనూ కాల్షియం ఉంటుంది. కఠిన నీటికి ద్రవ క్లోరిన్ (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) నయం. పౌడరే వాడవలసి వస్తే బకెట్టులో కలిపి, మడ్డి పేరుకున్నాక పైతేట మాత్రమే పోయండి. క్లోరిన్ బిళ్లలను నేరుగా అడుగున పడేస్తే అక్కడ పూత తెల్లబోతుంది.

5. మరకలు

మామిడి, చింత ఆకుల వల్ల వచ్చే గోధుమ మరక క్లోరిన్ పెంచితే పోతుంది. ఇనుము మరక అలా పోదు. విటమిన్ సి బిళ్లను మరక మీద కాసేపు రుద్దండి, రంగు తగ్గితే అది ఇనుమే. పచ్చటి, నీలి మరకలు రాగివి. నాచు పోవడానికి మైలుతుత్తం వేసిన కొలనుల్లో ఇవి వస్తాయి, అందుకే నేను అది వాడను. అంచున సున్నపు పట్టీకి వారం వారం మెత్తటి బ్రష్ చాలు. గట్టిపడ్డాక విట్రిఫైడ్ టైలును తడిపి ప్యూమిస్ రాయితో రుద్దవచ్చు, గాజును మాత్రం గీకుతుంది. ఇనుప బ్రష్ అసలే వద్దు, రాలిన తీగ ముక్కలు తుప్పు పట్టి కొత్త మరకలు పెడతాయి.

6. ఖాళీ చేయవలసి వస్తే

తిరుమల పుష్కరిణిని బ్రహ్మోత్సవాలకు ముందు ఖాళీ చేసి శుభ్రపరుస్తారు. అది చూసి ఇంటి కొలనును కూడా ఏటా తోడేయనవసరం లేదు. మరమ్మతు తప్పనిసరైతే వేసవి ఆరంభంలో, తెల్లవారుజామున మొదలుపెట్టండి. మధ్యాహ్నపు ఎండకు ఖాళీ కొలనులో టైల్స్ వేడెక్కి ఉబ్బి లేస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మాత్రం ముట్టుకోకండి. ఈశాన్య రుతుపవనాల వానలకు భూగర్భ జలం పైకి వస్తుంది. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో చూశాం. అలాంటప్పుడు లోపల నీటి బరువు లేకపోతే కింది నుంచి ఒత్తిడికి కొలను పగలవచ్చు, పూర్తిగా పైకి లేవనూవచ్చు. భారీ వాన తర్వాత క్షారత, కాల్షియం పలచబడతాయి కాబట్టి నీటిని మళ్లీ పరీక్షించండి.

పని పూర్తయ్యాక మిగిలిన టైల్స్‌లో ఒక పెట్టెను, దాని మీది బ్యాచ్ నంబరు చీటీతో సహా, మోటారు గదిలో దాచండి. ఐదేళ్ల తర్వాత అదే ఛాయ దుకాణంలో దొరకడం కష్టం.