బైక్ ఇంజన్ మనమే విప్పుకుందాం – 7వ పాఠం: హెడ్ దించి ఉండగానే చేసేయాల్సిన పనులు

పోయిన పాఠంలో హెడ్ (వాల్వ్‌లుండే ఇంజన్ పైభాగం), బ్లాక్ (సిలిండర్) దించి పిస్టన్ రింగులు మార్చి మళ్ళీ బిగించాం కదా, అలా చేసినవాళ్ళు చాలామంది ఒకటే మాట అంటున్నారు, రింగులు కొత్తవే వేశాం అయినా పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ వస్తోంది అని. అందుకే క్లచ్ పాఠం వెనక్కి జరిపి ముందు ఇది తేల్చేద్దాం.

పొగ ఎప్పుడొస్తోందో చూడండి. బండి లోడ్ మీద లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగులు, బోర్ (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ) వైపు చూడాలి. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి కాసేపటికి తగ్గిపోతే ఎక్కువసార్లు వాల్వ్ సీళ్ళే. ఆ చిన్న రబ్బరు వేడికి గట్టిపడిపోతే పైన ఉన్న ఆయిల్ వాల్వ్ కాడ వెంట లోపలికి జారుతుంది, కొత్త రింగులు దాన్ని ఆపలేవు. హెడ్ చేతిలో ఉన్నప్పుడే మార్చేసి ఉంటే సరిపోయేది, ఇప్పుడు మళ్ళీ దించాలి, మళ్ళీ కొత్త ప్యాకింగ్ (రెండు భాగాల మధ్య లీక్ కాకుండా వేసే గ్యాస్కెట్) వేయాలి.

ఏది మార్చాలి ఏది వదిలేయాలి అన్నదానికి నేను చూసేది ఒక్కటే: రేపు అది పాడైతే మళ్ళీ ఇంజన్ విప్పాలా? విప్పాలి, పైగా అది రబ్బరుది అంటే, చూడ్డానికి బాగున్నా మార్చేస్తా. వాల్వ్ సీళ్ళు, ఓ-రింగులు, దారిలో విప్పిన ప్రతి ప్యాకింగూ ఇందులోకే వస్తాయి. ఇనుపదైతే కొలిచి నిర్ణయిస్తా. టైమింగ్ చైన్‌ని (క్యామ్‌ని తిప్పే చైన్) బిగువుగా ఉంచే టెన్షనర్ దాదాపు చివరిదాకా బయటికొచ్చేసి ఉంటే చైన్ సాగిందన్నమాట, చైన్ తో పాటు అది రాసుకునే గైడ్ కూడా మార్చండి. ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, క్లచ్ కేబుల్ లాంటివి బయటి నుంచే అందుతాయి కాబట్టి ఈ రోజు ముట్టుకోను, అన్నీ ఒకేసారి మార్చేస్తే స్టార్ట్ చేశాక వచ్చే తేడా దేనివల్లో పట్టుకోలేం.

కార్బన్ గీకడం, గుడ్డతో క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది భాగం) నోరు మూయడం మీకు తెలిసిందే.

ఇప్పుడు సిలికాన్ పేస్ట్ సంగతి. ప్యాకింగ్ కొత్తదే వేసి, లీక్ కాకూడదని దాని మీద రెండు వైపులా పేస్ట్ పూసేస్తున్నారు, దయచేసి ఈ పని మానేయండి. బోల్ట్ బిగిస్తే బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంతే పొంగుతుంది, బయటిది తుడిచేస్తాం, లోపలిది కనపడదు. అది ఊడి ఆయిల్‌లో తిరిగి స్ట్రెయినర్‌కి (ఆయిల్ జల్లెడకి) అడ్డం పడొచ్చు, లేదా హెడ్‌కి ఆయిల్ వెళ్ళే సన్నటి దారి మూసుకుపోవచ్చు. అప్పుడు ఆయిల్ అందక వాల్వ్‌లని తెరిచే క్యామ్ అరిగిపోతుంది, లీక్ ఆపబోయి హెడ్డే పోగొట్టుకున్నట్టు. లీక్ కాకుండా ఉండాలంటే కావాల్సింది పాత ప్యాకింగ్ ముక్క ఒక్కటి కూడా మిగలని, గీతలు పడని, నూనె లేని, వంకర లేని తలం. తర్వాత నట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, మాన్యువల్లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాలి. పేస్ట్ ఎక్కడ పూయాలో కూడా మాన్యువల్లోనే ఉంటుంది, అక్కడ మాత్రమే పల్చగా పూయండి.

కార్బురేటర్‌కీ హెడ్‌కీ మధ్య రబ్బరు మానిఫోల్డ్‌ని ఒకసారి వంచి చూడండి, పగుళ్ళు ఉంటే మార్చాలి.

ఈసారి అభ్యాసం కొంచెం కష్టమే. ఒక రింగుని బోర్‌లో పెట్టి, పిస్టన్‌తో నెట్టి తిన్నగా నిలబెట్టి, దాని రెండు కొసల మధ్య గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నటి రేకులతో) మూడు చోట్ల కొలవండి: రింగులు తిరిగే భాగంలో పైన, మధ్యలో, ఆ కింద అరగని చోట. పైకీ కిందకీ తేడా 0.10 మి.మీ. వచ్చిందంటే బోర్ పైన సుమారు 0.03 మి.మీ. వెడల్పైంది, ఎందుకంటే గ్యాప్‌లో తేడాని 3.14తో భాగిస్తే వ్యాసంలో తేడా వస్తుంది. తర్వాత వాల్వ్‌లు, ప్లగ్ బిగించి ఉన్న హెడ్‌ని బోర్లా తిప్పి, వాల్వ్‌లున్న గుంటలో కిరోసిన్ పోసి పది నిమిషాలు ఉంచండి. పోర్ట్‌ల్లో (గాలి, పొగ వెళ్ళే దారుల్లో) తడి కనిపిస్తే ఆ వాల్వ్ గ్రైండింగ్ (సీటు మీద సరిగ్గా కూర్చునేలా అరగదీయడం) చేశాకే బ్లాక్ మీద హెడ్ పెట్టాలి.