అలసటకు చైనా కషాయం కాచే విధానం
చైనా సంప్రదాయ వైద్యులు అలసటను ‘చీ’ అనే ప్రాణశక్తి తగ్గడంగా భావించి, హువాంగ్‌చీ (ఆస్ట్రాగలస్ మొక్క) వేరు, ఎండు జుజుబ్ పండ్లు, గోజీ అనే చిన్న ఎర్రటి పండ్లతో కషాయం కాస్తారు. సంక్రాంతి వేళ వరంగల్ అంగళ్లలో రాశులు పోసే రేగుపండ్లు ఈ జుజుబ్‌కు దగ్గరి చుట్టాలే గాని, అవే కావు.

10 గ్రాముల వేరు ముక్కలను, గింజ తీసిన 5 జుజుబ్ పండ్లను మట్టికుండలో మూడు గ్లాసుల నీటిలో అరగంట నానబెట్టి, సన్నని సెగపై నీరు సగమయ్యేదాకా మరిగించాలి. ఇనుప పాత్ర వాడరాదు. ఉడికిన వేరు లేతపసుపు వన్నెలో, చెరకు పిప్పిలా పీచుపీచుగా కనిపిస్తుంది. గుప్పెడు గోజీని చివరి పది నిమిషాల్లోనే వేయాలి.

గోజీలోని జియాజాంథిన్ అనే వర్ణద్రవ్యం, వేరులోని ఫ్లేవనాయిడ్లు యాంటీఆక్సిడెంట్లే అయినా, ప్రయోగశాలలో కణాలకు హాని చేసే ఫ్రీ రాడికల్స్‌ను అణచినంత మాత్రాన మనిషి అలసట తీరుతుందని చెప్పలేము. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారు గోజీని ముట్టరాదు. వారాల తరబడి నీరసం వదలకపోతే ముందుగా హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోవాలి.